ఎలక కాదండి, కొండచుంచు

తెనాలి

"ఎలకల మందు కనిపెట్టేశారా అండీ?"

తెనాలిలో రైలు దిగి, సలోమి వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి, తాళం వేసిన గేటు ముందు నిలబడి "చింతపల్లి కొండల మీద నుంచి వచ్చానండి" అంటే, పక్కింటాయన నన్ను అడిగిన మొదటి మాట ఇది. రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చిన మనిషిని అడగాల్సిన మాటేనా? నాకు ఒళ్లు మండింది. అంతలోనే నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది.

సలోమి ఎవరో ముందు చెప్పాలి. మాది చింతపల్లికి పైన ఓ చిన్న ఊరు. అక్కడి బడిలో తెలుగు చెబుతాను, పేరు పార్వతి. మూడేళ్లపాటు మా పెరటి గదిలో సలోమి అద్దెకుంది. తెనాలి పిల్ల, వాళ్లు లూథరన్లు. కొండచుంచు మీద పరిశోధన చేయడానికి వచ్చింది. బొటనవేలంత ఉండే ఆ ప్రాణిని బతికుండగా చూశానన్న చదువుకున్న మనిషి ఎవరూ లేరట. ఎక్కడో ఓ మ్యూజియం సొరుగులో ఎండిపోయిన తోలొకటి ఉందట, అంతే. దాని కోసం ఈ పిల్ల మూడు వానాకాలాలు మా కొండ మీద జలగలకు నెత్తురు ధారపోసింది. పోయినేడు వానల్లో జ్వరమొచ్చి పోయింది. మలేరియా మెదడుకు పాకిందన్నారు.

వాళ్లమ్మ మేరమ్మ గారు విశాఖ ఆసుపత్రికి వచ్చి, నా ముఖమైనా చూడకుండా కూతుర్ని తీసుకెళ్లిపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. నా దగ్గరేమో ఆమెకు చేరాల్సిన మాట ఒకటి ఉండిపోయింది. సలోమి ఆ చుంచును చూసింది. నేను పక్కనే ఉన్నాను. కానీ ఆ సాయంత్రం సలోమి కొండ మీద ఉండిపోవడం వల్లే ఆసుపత్రికి ఆలస్యమైంది. ఒకటి చెప్పి రెండోది మింగెయ్యడం నావల్ల కాదు. రెండూ చెబితే ఆ తల్లి ఏమైపోతుందో తెలియదు. నవంబరులో సమాధుల పండక్కి ఆమె తప్పకుండా కూతురి దగ్గరే ఉంటుంది కదా అని, సెలవు పెట్టి బయలుదేరాను.

పక్కింటాయన పేరు నాగేశ్వరరావు గారు. అమృతలూరులో పొలం, ఇక్కడ నిమ్మకాయల కొట్టు. పాపం మంచాయనే. "లోపలికి రండమ్మా, మేరమ్మ సిస్టరు గారు ఇక్కడ ఉండట్లేదు, రేపల్లె వెళ్లిపోయారు. సమాధి అక్కడే కదండి, ఆవిడ పుట్టినూరు" అన్నారు. ఆయన భార్య ఇడ్లీలు పెట్టింది. వాటి మీద కారప్పొడి, దాని మీద నేతి మడుగు, పక్కన అల్లప్పచ్చడి. మా ఇంట్లో పొద్దున చోడి అంబలి, అంటే రాగి జావ, తాగి బడికి పోతాం. ఈ నెయ్యి చూస్తే మావాళ్లు పెళ్లి అనుకుంటారు.

"సిస్టరు గారంటే మా వీధికి దేవతండి. ఈ వీధిలో పిల్లలంతా ఆవిడ చేతుల మీద పుట్టినవాళ్లే. అర్ధరాత్రి పిలిచినా సంచి పట్టుకుని వచ్చేసేది. వాళ్లమ్మాయేమో మా రైతుల కోసం ఎలకల మీద పరిశోధనకెళ్లి, ఇట్టా అయిపోయింది" అన్నారాయన. "వరి పొట్ట మీద ఉంటే ఒక్క రాత్రిలో కొరికి పారేస్తాయండి. ఆ పిల్ల బతికుంటే మా కష్టం తీరిపోయేది."

అదీ సంగతి. వరి పండించే ఊళ్లో ఎలక మీద పరిశోధనంటే ఎలకను చంపడానికే. ఇంకో కారణం ఎవరికి తోస్తుంది? "అది ఎలక కాదండి, చుంచు" అన్నాను. సరిగ్గా అప్పుడే తూము కంతలోంచి ఒకటి బయటికొచ్చి, గోడ వెంబడి మూతి ఆడించుకుంటూ పరిగెత్తింది. "అమ్మో, ఎలక!" అని ఆవిడ చీపురు అందుకుంది. "అది ఇంటిచుంచమ్మా, బొద్దింకల్ని తింటుంది, బియ్యం ముట్టదు" అని నేను అడ్డం పడ్డాను. ఆవిడ చీపురు దించింది గానీ, "కంపు కొడుతుంది కదండీ" అంది. అవును, కొడుతుంది.

తెనాలి ఊరి మధ్యలోంచి కాలవలు పోతాయి. మా దగ్గర నీళ్లు బండల మీంచి దూకి, అరుచుకుంటూ పోతాయి. ఇక్కడ నీళ్లకు తొందరే లేదు. వంతెన మీద నిలబడి చాలాసేపు చూశాను. ఈ పిల్ల ఈ నీళ్లు చూస్తూ పెరిగి, మా గెడ్డలు దాటడానికి వచ్చిందా అనిపించింది. గెడ్డంటే మా వైపు కొండవాగు.

బాపట్ల

రేపల్లె తిన్నగా వెళ్లిపోవచ్చు, చిన్న రైలుంది. నేను మాత్రం ముందు బాపట్ల వెళ్లాను. సలోమికి చదువు చెప్పిన శేషగిరి గారు అక్కడున్నారు. నేను చూసింది చూసినట్టు ఆయనకు చెబితే, కాగితం మీద రాసి సంతకం పెడతారని నా ఆశ. "మీ అమ్మాయి వెతికింది దొరికింది, ఇదిగో పెద్దాయన కూడా ఒప్పుకున్నారు" అని ఆ తల్లి చేతిలో పెట్టాలనుకున్నాను. ఉత్త చేతులతో ఎలా వెళ్లను?

ఉత్త చేతులన్నానే గానీ, నాగేశ్వరరావు గారు సిస్టరు గారికివ్వమని సంచెడు నిమ్మకాయలు అంటగట్టారు. రైలు కదిలిన కుదుపుకి సంచి చినిగి కాయలన్నీ పెట్టె పొడుగునా దొర్లాయి. ఇంక చూడాలి! ముసలమ్మలు, కాలేజీ ఆడపిల్లలు, చేపల బుట్టామె, అందరూ వంగి ఏరడమే. "తెనాలి కాయేనా అక్కా? రసముంటుందిలే" అంటూ చేపలామె రెండు కాయలు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, ఒకటి తన బుట్టలో వేసుకుని, మిగతావన్నీ తన గోనెపట్టాలో మూటగట్టి ఇచ్చింది. కూలి పట్టేసుకుందన్నమాట. నాకూ న్యాయంగానే అనిపించింది.

శేషగిరి గారు రిటైరయ్యారు. ఇంటి ముందు వసారాలో కూర్చోబెట్టి, అంతా విన్నారు. మధ్యలో కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఫోటో ఉందామ్మా?"

"లేదండి. కుండపోత వాన. ఫోన్లు ఇంట్లోనే ఉన్నాయి."

"వెంట్రుకైనా? కొలత?"

"కొలిస్తే చచ్చిపోతుందని వదిలేసిందండి."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. తర్వాత, "నేను నమ్ముతానమ్మా. ఆ పిల్ల అబద్ధమాడదు, మీరూ ఆడరు. కానీ సాక్ష్యం లేనిది లెక్కలోకి రాదు. నేను సంతకం పెడితే అది ఒక ముసలివాడి ప్రేమ అవుతుంది గానీ సైన్సు కాదు" అన్నారు.

కోపం తెచ్చుకుందామనుకున్నాను, రాలేదు. వెళ్లేటప్పుడు గేటు దాకా వచ్చి, "చివరికి చూసింది కదా? చాలు" అన్నారు, నాతో కాదు, తనతో తనే.

చుంచు గురించి నాకు తెలిసిందంతా సలోమి చెప్పిందే. రాత్రి భోజనాలప్పుడు చెబుతూ ఉండేది, తన కంచంలో అన్నం చల్లారిపోయేది. అది ఎలక జాతే కాదట. కళ్లు ఆవగింజలంత, చూపు అంతంత మాత్రం. బతుకంతా ఆ పొడుగు మూతి మీదే. రాలిన ఆకుల కింద, నాచు పట్టిన బండల సందుల్లో, ఎండుగడ్డి ఉండ చుట్టుకుని గూడు కడుతుంది. వానపాములు, పురుగులు తింటుంది. దాని గుండె ఎంత జోరుగా కొట్టుకుంటుందంటే, పొట్టలో ఎప్పుడూ ఏదో ఒకటి పడుతూనే ఉండాలి. ఒక్క పూట పస్తుంటే చచ్చిపోతుంది. ఆయుష్షు మహా అయితే ఏడాది, ఏడాదిన్నర. "రెండో వానాకాలం చూస్తే ముసలిదేనక్కా" అనేది. పిల్లల్ని ఇంకోచోటికి తీసుకెళ్లాల్సి వస్తే, ఒక పిల్ల తల్లి తోక దగ్గర నోటితో పట్టుకుంటుంది, దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి. మా బడి పిల్లలు చొక్కాలు పట్టుకుని రైలాట ఆడినట్టే. ఇంటిచుంచులు అలా పోతాయని తెలుసుగానీ, కొండచుంచు పోతుందో లేదో ఎవరికీ తెలియదు, అది చూడాలక్కా అనేది.

దాన్ని పట్టడానికి నేలలో గుంటలు తవ్వి, బకెట్లు అంచుదాకా పాతేది. చుంచు పరిగెడుతూ వాటిలో పడుతుంది. అందుకే గంటగంటకీ వెళ్లి చూడాలి. వెళ్లలేకపోతే మూతలు పెట్టెయ్యాలి. లేదంటే పడ్డది ఆకలికి చస్తుంది, వానొస్తే మునిగి చస్తుంది. మా ఇంట్లో మూడేళ్లూ భోజనాల వేళలు ఆ గుంటలే నిర్ణయించాయి.

పిట్టలవానిపాలెం దగ్గర

మర్నాడు బస్సు. పిట్టలవానిపాలెం దాటాక టైరు పంచరైంది. డ్రైవరు దిగి టైరు వైపు ఒకసారి, ఆకాశం వైపు ఒకసారి చూసి, "దిగండమ్మా, టీ తాగండి" అన్నాడు. టీ ఎక్కడుంది? ఎటు చూసినా వరే. కంటికి అడ్డం తగిలే మిట్ట కూడా లేదు. కొండల్లో పుట్టినదాన్ని, అంత ఖాళీ చూస్తే నాకు వీపు వెనక ఎవరూ లేనట్టు దిగులేసింది.

గట్టు మీద ఒక మొగుడూ పెళ్లాం ఎలకల బుట్టలు తీస్తున్నారు. తాటాకు బుట్ట, దానికి వెదురుబద్ద వంచి కట్టిన ఉచ్చు. రాత్రి పెట్టి పొద్దున తీస్తారు. రైతు కూలి రోజుకింత అని ఇవ్వడు, ఎలకకింత అని ఇస్తాడు. మా దగ్గర పంట మీద పడేవి అడవిపందులు, వాటికి కాపలా తప్ప ఇలాంటి బేరం లేదు.

ఒక బుట్టలోంచి ఆమె చిన్నదేదో తీసి పక్కకి విసిరేసింది. వెళ్లి చూశాను. చుంచు. పొలంగట్ల మీద తిరిగే మామూలు చుంచే. మూతి మీద మీసాలకి మంచు బొట్లు ఇంకా ఉన్నాయి.

"అది ఎందుకమ్మా నీకు? కంపు" అంది ఆమె.

"మీరు తీసుకోరా?"

"అది లెక్కలోకి రాదమ్మా. డబ్బులివ్వరు."

లెక్కలోకి రాదు. నిన్న శేషగిరి గారూ అదే అన్నారు, ఇవాళ ఈమె కూడా. అక్కడే గట్టు మీద కూర్చుని, సిగ్గు లేకుండా ఏడ్చాను. ఆమె కంగారు పడి, "ఏంటమ్మా, ఎవరైనా పోయారా?" అని అడిగింది. తలూపాను. ఆమె చేతిలో కొడవలితో గట్టు పక్కన చిన్న గుంట తీసి, ఆ చుంచును అందులో పెట్టి మట్టి కప్పింది. తర్వాత తన సీసాలో నీళ్లు నా చేతుల మీద పోసింది.

రేపల్లె

సమాధుల తోట కాలవ పక్కనే ఉంది. పండగ ముందు రోజు నుంచే సందడి. మగవాళ్లు గడ్డి చెక్కుతున్నారు, ఆడవాళ్లు సున్నం కలుపుతున్నారు. గేటు బయట బంతిపూలు, కొవ్వొత్తులు అమ్ముతున్నారు, పక్కనే వేడివేడి పునుగుల బండి. మావాళ్లు పోయినవాళ్లకు ఊరి బయట రాయి నిలబెట్టి, ఏడాదికోసారి కల్లు పోసి వస్తారు. ఇక్కడ సమాధికి స్నానం చేయించినట్టు కడుగుతారు, తలదువ్వినట్టు పూలు సర్దుతారు. చూస్తుంటే భయం పోయింది.

మేరమ్మ గారిని దూరం నుంచే గుర్తుపట్టాను. తెల్ల చీర, నిటారుగా వెన్ను. సున్నం కుంచె పట్టుకుని కూతురి సమాధికి తనే వేస్తోంది. పక్కన యేసుపాదం అనే పెయింటరు, పాతబడ్డ అక్షరాల మీద మళ్లీ నల్లరంగు దిద్దడానికి డబ్బా విప్పుతున్నాడు. అక్షరాలు చదివాను. "పంటను నాశనము చేయు ఎలుకలపై పరిశోధన చేయుచు, ప్రభువునందు నిద్రించెను."

"వందనాలమ్మా. నేను పార్వతినండి, సలోమి ఉన్న ఇంటి…"

"తెలుసు" అంది, తల తిప్పకుండా. "ఫోన్లు చేశావు. ఎందుకు ఎత్తలేదో తెలుసా? ఒక్కటే అడగాలని ఉంది నిన్ను. అది అడిగితే నువ్వేం చెబుతావో అని భయం."

"అడగండమ్మా."

కుంచె డబ్బాలో పెట్టింది. "ముప్పయ్యేళ్లు ఆసుపత్రిలో పనిచేసినదాన్ని. డాక్టరు నాతో చెప్పాడు, ఒక్క రోజు ముందు తెచ్చి ఉంటే దక్కేదని. ఆ రోజు ఏమైంది? మధ్యాహ్నం జీపు వచ్చిందట కదా. నా బిడ్డని ఎందుకు ఎక్కించలేదు?"

నిమ్మకాయల మూట కింద పెట్టి, చెప్పాను. ఏదీ దాచలేదు. జీపు వచ్చింది నిజమే. జ్వరంతో పళ్లు కొట్టుకుంటున్నాయి నిజమే. ఆకాశం నల్లబడింది. గుంటలకు ఇంకా మూతలు పెట్టలేదు, సాయం చేసే మనిషి సంతకు పోయాడు. నేను మూస్తానే అంటే, "నీకు గుంటలన్నీ తెలియవక్కా, ఆకుల కింద ఉంటాయి" అని కొండెక్కేసింది. వెనకే గొడుగు పట్టుకుని తిడుతూ పరిగెత్తాను. ఒక్కో గుంట దగ్గర మోకాళ్ల మీద పడి, లోపల చెయ్యి పెట్టి తడిమి, కప్పల్నీ పురుగుల్నీ బయటికి తీసి, మూత పెట్టింది. అంతా అయ్యేసరికి గెడ్డ పొంగింది. జీపు దాటలేదు. తెల్లారాకే దాటాం.

"నువ్వు లాక్కురాలేదా?" అంది.

"లాగానమ్మా. రెక్క పట్టుకుని లాగాను. చచ్చిపోతావే, ఇక చాలు రావే అని అరిచాను. రాలేదండి. 'ఇప్పుడు వీటికి నేను తప్ప ఇంకెవరున్నారక్కా' అంది."

మేరమ్మ గారు సమాధి అంచు పట్టుకుని మెల్లగా కూర్చుంది. తడి సున్నం చీరకి అంటింది, చూసుకోలేదు.

"ఆ మాట నాది" అంది.

అలా కూర్చునే చెప్పింది. సలోమికి మూడేళ్లప్పుడు తుఫానొచ్చింది. పిల్ల జ్వరంతో కాలిపోతోంది. కాలవ అవతల ఒకామెకి నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. పిల్లని పక్కింటివాళ్ల ఒళ్లో పడేసి, సంచి పట్టుకుని వెళ్లిపోయింది. తిరిగొచ్చేసరికి పిల్లకి ఫిట్సు. "ఆ రోజు దేవుడు దక్కించాడు. పెద్దయ్యాక ఆ కథ విని ఊరికే అడిగేది, నన్నట్టా వదిలేసి ఎందుకెళ్లావమ్మా అని. ఆవిడకి నేను తప్ప ఇంకెవరున్నారే అనేదాన్ని. ఎన్నిసార్లు అన్నానో."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. సున్నం ఇద్దరికీ అంటింది.

"ఆఖరి గుంటలో ఉందమ్మా అది" అన్నాను. "కొండచుంచు. నీళ్లు అప్పటికే చేరుతున్నాయి. రెండు చేతులూ పెట్టి పైకి తీసి గట్టున వదిలింది. అది పారిపోలేదు, మూతి ఎత్తి గాలి వాసన చూసింది. అప్పుడు మీ అమ్మాయి నవ్వింది. అంత జ్వరంలోనూ నవ్విందండి. 'అక్కా, ఇదే' అంది." శేషగిరి గారు రాయనన్న సంగతి కూడా చెప్పేశాను. "లెక్కలోకి రాదట. నేను తప్ప సాక్ష్యం లేదు."

యేసుపాదం ఇంతసేపూ కుంచె పట్టుకుని నిలబడే ఉన్నాడు. "అక్షరాలు దిద్దేదా అమ్మగారూ?" అని అడిగాడు.

ఆమె ఆ ఎలుకల వాక్యం వైపు చూసింది. "నాకు తెలుసమ్మా, అది ఎలకలు కాదని. ఎన్నిసార్లు చెప్పిందో పిచ్చిపిల్ల. కానీ జనం అడుగుతారు కదా, ఎందుకు పోయిందీ అని. చుంచు కోసమంటే నవ్వుతారు. రైతుల కోసమంటే చేతులు జోడిస్తారు. నా బిడ్డని చూసి ఎవరూ నవ్వకూడదని రాయించాను." తర్వాత అతనితో, "అది కొట్టెయ్ నాయనా. 'కొండచుంచును చూచి, ప్రభువునందు నిద్రించెను' అని రాయి" అంది.

"చుంచునా అమ్మగారూ? సమాధి మీద?" అతను నా వైపు చూశాడు. "ఎవరైనా అడిగితే?"

"ఈవిడ చూసింది. రాయి."

మర్నాడు పొద్దుగూకే వేళకు తోటంతా కొవ్వొత్తులు వెలిగాయి. పాస్టరు గారు ప్రార్థన చేసి వెళ్లారు. వచ్చినవాళ్లు కొత్త అక్షరాలు చదివి, ఏంటది అని గుసగుసలాడుకున్నారు. ఒకరిద్దరు నవ్వారు కూడా. మేరమ్మ గారు పట్టించుకోలేదు. నిమ్మకాయ నీళ్లు కలిపి తెచ్చింది, ఇద్దరం సమాధి పక్కనే గడ్డిలో కూర్చుని తాగాం. గాలికి ఆరిపోయిన కొవ్వొత్తిని మళ్లీ వెలిగిస్తూ, "అది ఒక్కటే ఉందా గుంటలో?" అని అడిగింది.

"లేదమ్మా. నాలుగు పిల్లలు కూడా. తడిసి ముద్దయిపోయి ఉన్నాయి. వాటినీ ఒక్కొక్కటిగా తీసి తల్లి దగ్గర పెట్టింది. మొదటిది తల్లి తోక దగ్గర కరుచుకుంది. దాన్ని పట్టుకుని రెండోది, మూడోది. నాలుగోది కాసేపు కదల్లేదు. మీ అమ్మాయి అరచేతిలో పెట్టుకుని నోటి ఆవిరి ఊదింది."

మేరమ్మ గారు కొవ్వొత్తి వదిలేసి నా వైపు పూర్తిగా తిరిగింది. ఎన్నో ఇళ్ల గుమ్మాల్లో ఎన్నో ఏళ్లుగా అడిగిన గొంతుతోనే అడిగింది.

"తల్లీ పిల్లలూ క్షేమమేనా?"

"క్షేమమేనండి. నాలుగోది కూడా పట్టుకుంది. వరసగా ఆకుల కిందికి వెళ్లిపోయాయి."

"అయితే సరే" అంది. అప్పుడు ఏడ్చింది.